గింజ ముట్టని కోడలు

ఆ శుక్రవారం ఉదయానికి రూతమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. కోడి కూయకముందే లేచి సున్నుండలు చుట్టాలి. ఎండ ముదరకముందే కూతురి రేకుపెట్టె సర్దాలి. తొమ్మిదిన్నర బండికి పిల్లను తాడేపల్లిగూడెం స్టేషనులో వియ్యంకుడికి అప్పగించి, ఏడవకుండా పెంటపాడు తిరిగి వచ్చేయాలి. ఇందులో కష్టమైనది ఆఖరిదొక్కటే అనుకుంది.

అది 1933 జూన్ నెల. రూతమ్మ కూతురు రాజకుమారికి పద్దెనిమిదేళ్లు. మే నెలలో ఏలూరు కుర్రాడు చిట్టిబాబుతో పెళ్లయింది. చిట్టిబాబు ఒక ఆసుపత్రిలో కాంపౌండరు. నెమ్మదస్తుడు. ఎవరితో మాట్లాడినా జ్వరంలో ఉన్నవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడతాడు. పెళ్లిలో ఎవరి మధ్యా మాటా మాటా రాలేదు. తేలకుండా మిగిలిన సంగతి ఒక్కటే. రాజకుమారి రాజమండ్రిలో టీచరు ట్రైనింగు ఒక ఏడాది చదివింది, ఇంకో ఏడాది ఉంది. భర్త పోయిన నాటి నుంచి రూతమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళ్లి ఆ పిల్లను అంతదాకా తెచ్చింది. "మిగిలిన ఏడాది కూడా చదివించాలండి" అని పెళ్లికి ముందు అడిగితే, మామగారు కాబోయే అహరోనుగారు "చూద్దామండి" అన్నారు. పెళ్లయ్యాక అడిగినా అదే మాట అన్నారు. స్కూలు జూలై మూడో తారీఖు సోమవారం తెరుస్తారు.

అహరోనుగారు చెడ్డవారు కారు. ఏలూరులో కాలవ లాకుల ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా గుమాస్తా. లాకు తలుపులు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో పైవాళ్లు కాగితం మీద రాసి పంపుతారు. ఆ కాగితం అందిందని రాయడం ఆయన ఉద్యోగం. అందుచేత సొంతంగా ఏ సంగతైనా తేల్చే అలవాటు ఆయనకు పోయింది. ఇంట్లో కూర వంకాయా బెండకాయా అని భార్య అడిగినా చూద్దామనేవారు. ఆవిడ చూసి ఏదో ఒకటి వండేది.

గురువారం సాయంత్రం విక్టోరియా టీచరు రాజకుమారిని చూసి పోవడానికి పెంటపాడు వచ్చింది. ఆవిడ తాడేపల్లిగూడెంలో ఆడపిల్లల మిషను బడిలో టీచరు. రాజకుమారికి అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఆవిడ దగ్గర అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది, అందులో గ్రీకు దేశపు పాత కథలు. పుస్తకం చూసి చదవడం ఆవిడకు ఇష్టం ఉండదు. కథను తీసుకొచ్చి ఇక్కడే కాపురం పెట్టించేది. ఆవిడ చెబితే ఒంటికన్ను రాక్షసుడు కొల్లేటి లంకలో గేదెలు కాసుకునేవాడు. ముట్టుకున్నదల్లా బంగారమైపోయే రాజు, బంగారపు అన్నం ముద్ద చేత్తో పట్టుకుని, గుండుగొలను రోడ్డు మీద ఆకలితో కూర్చునేవాడు. పిల్లలు ఆదివారాలు వెళ్లి ఆ చోటు వెతికి వచ్చేవారు.

ఆ సాయంత్రం రూతమ్మ ముఖం చూసి విక్టోరియా ఒక కథ అందుకుంది.

"కొల్లేటి గట్టున ఒక తల్లీ కూతురూ ఉండేవారు. తల్లి చెయ్యి తగిలితే చాలు, మట్టి మొలకెత్తేది. కూతురు ఒకరోజు కలువపూల కోసం రేవులో దిగింది. నీళ్లు రెండుగా విడిపోయాయి. కింది లోకపు రాజు నల్లగుర్రాల బండి మీద వచ్చి ఆ పిల్లని ఎక్కించుకుపోయాడు."

"బలవంతానా అండి?" అంది రూతమ్మ.

"బలవంతానే. తల్లి తిరగని ఊరు లేదు. పెదపాడు వెళ్లింది, భీమడోలు వెళ్లింది, కనపడినవాళ్లనల్లా అడిగింది. ఆ ఏడుపులో మొలకల సంగతి మర్చిపోయింది. నారు ఎండిపోయింది. అప్పుడు పైలోకం వాళ్లు కంగారుపడి, పిల్లని పంపించెయ్యమని రాజుకి కబురు పెట్టారు. రాజు సరేనన్నాడు. అంటూనే ఒక దానిమ్మపండు చేతిలో పెట్టాడు. పిల్ల ఆరు గింజలు తింది. ఆ లోకంలో ఏది తిన్నా ఆ లోకానికి కట్టుబడిపోవాలి. ఆరు గింజలకి ఆరు నెలలు. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు తల్లి దగ్గర. పిల్ల వచ్చినప్పుడు చేలు పచ్చబడతాయి, వెళ్లినప్పుడు నేల బీటలు తీస్తుంది. వెళ్లిన పిల్ల మళ్లీ వస్తుంది రూతమ్మా. ఈ కథలో ఉన్నది అంతే."

విక్టోరియా చెప్పింది ఓదార్పు. రూతమ్మ విన్నది షరతు.

"ఒక్క గింజ కూడా తినకపోతే ఏమయ్యేదండి?"

"తినకపోతే కట్టుబాటేముంది, వచ్చేసేదే" అంటూ విక్టోరియా గొడుగు తీసుకుని లేచింది. తన మాటకు మర్నాడు ఏ గతి పట్టబోతోందో ఆవిడకు తెలియదు.

మర్నాడు పెట్టె సర్దుతూ రూతమ్మ సగం బట్టలు బయటికి తీసి, ఆ జాగాలో సున్నుండలూ జంతికలూ అరిసెలూ పేర్చింది.

"వాళ్లింట్లో గింజ ముట్టకు. పది రోజులు ఎలాగోలా వీటితో గడుపు."

"అది కథ అమ్మా."

"కథ కాబట్టే చెబుతున్నాను. ఎన్నో ఏళ్ల నుంచి చెప్పుకుంటున్నారంటే ఎవరో ఒకరికి జరిగే ఉంటది."

రాజకుమారి చదువుకున్న పిల్ల. గింజల సంగతి నమ్మలేదు. కాని తను అడిగి చూసింది, తల్లి అడిగి చూసింది, పెంటపాడు పాస్టరుగారి చేత ఉత్తరం రాయించి చూశారు. ఇంక చేతిలో ఏమీ మిగలనప్పుడు, నమ్మకం లేని మందైనా మింగుతాం. ఆ పిల్ల పెట్టె మూత వేసి తాళం చెవి మెడలో కట్టుకుంది.

ఏలూరు ఇంట్లో అత్తగారు హన్నమ్మ ఆ మధ్యాహ్నానికి కొర్రమీను పులుసు కాచింది. కోడలు మొదటిసారి కాపురానికి వస్తోందని తెల్లవారగానే చేపల కోసం మనిషిని పంపింది. వాసన వీధి గుమ్మం దాకా వచ్చి ఎదురు నిలబడింది.

"రామ్మా, కాళ్లు కడుక్కుని కూర్చో."

"ఆకలి లేదండి అత్తయ్యగారూ. పొద్దున్నే తినొచ్చానండి."

రాత్రికీ ఆకలి లేదంది. శనివారం ఉదయం కాఫీ వద్దంది. నీళ్లు గింజ కావు కనుక తాగవచ్చుననీ, కాఫీ గింజ నుంచే వస్తుంది కనుక కూడదనీ ఆ పిల్ల లోలోపల తేల్చుకుంది. తలుపు దగ్గరగా వేసుకుని పెట్టె తీసి, శబ్దం కాకుండా జంతిక తినడం ఎంత కష్టమో ఆ రెండు రోజుల్లో తెలిసింది. సున్నుండ నయం. నోట్లో పెట్టుకుంటే మాట రాదు కాని చప్పుడూ రాదు.

చిట్టిబాబు కంగారుపడ్డాడు. నాడి చూశాడు. నాడి గుర్రంలా ఉంది. జీర్ణం కాకేమోనని ఆసుపత్రి నుంచి సీసాతో మిక్చరు తెచ్చాడు.

"ఇందులో గింజలేమన్నా ఉన్నాయాండి?" అని అడిగింది రాజకుమారి.

"లేవు. ఎందుకలా అడిగావు?"

"ఊరికేనండి."

అది ఆకలి పుట్టించే మిక్చరు. పూటకి ఒక మోతాదు. ఆదివారం దాకా రావలసిన అరిసెలు శనివారం సాయంత్రానికే అయిపోయాయి.

హన్నమ్మ ఈ లోపల తన ఆలోచన తను చేసుకుంటోంది. కోడలు అలిగిందా అంటే అలిగిన ముఖం కాదు. పలకరిస్తే నవ్వుతుంది, నీళ్లు తోడుతుంది, ఇల్లు ఊడుస్తుంది, అన్నం మాత్రం ముట్టదు. శనివారం మధ్యాహ్నం వడ్డించిన పళ్లెం ముందు నుంచి మూడోసారి లేచిపోతుంటే హన్నమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఉపవాస ప్రార్థనలో ఉన్నావా అమ్మా?"

రాజకుమారి అబద్ధం ఆడడం ఇష్టం లేక తల దించుకుంది. తల దించుకోవడం కంటే పెద్ద 'అవును' లేదని ఆ పిల్లకు అప్పుడు తోచలేదు.

హన్నమ్మ మనసు కరిగిపోయింది. పద్దెనిమిదేళ్ల పిల్ల, కాపురానికి వచ్చిన రోజే దేవుని ముందు కూర్చుంది. తను చూస్తే చేప ముక్కల లెక్కలో ఉంది. ఆ పూట తనూ పళ్లెం తోసేసింది. "వద్దు అత్తయ్యగారూ, మీరు తినండి" అని రాజకుమారి బతిమాలినకొద్దీ ఆవిడ పట్టు పెరిగింది. భార్య తినకుండా వడ్డిస్తుంటే అహరోనుగారు ఒక పూట తిన్నారు, రెండో పూట కూడా తిన్నారు, మూడో పూట మాత్రం ముద్ద దిగలేదు. చిట్టిబాబు మెతుకులు కెలికి లేచిపోతున్నాడు. అప్పటికి ఆ ఇంట్లో కడుపు నిండా తింటున్నది కోడలు ఒక్కతే.

ఆదివారం గుడి అయ్యాక హన్నమ్మ ఈ సంగతి పాస్టరు మత్తయిగారి చెవిన వేసింది. ఆయన ఇంటికి వచ్చి, "ప్రార్థనాంశం ఏమిటమ్మా?" అని అడిగారు. రాజకుమారి నోట్లో అప్పుడే వేసుకున్న సున్నుండ ఉంది. మాట్లాడలేదు. కళ్లనిండా నీళ్లు మాత్రం వచ్చాయి, పొడి గొంతులో పడడం వల్ల. మత్తయిగారు చలించిపోయారు.

ఆ ఏడు వాన ఇంకా పడలేదు. జూన్ నెలాఖరు వస్తున్నా మబ్బు లేదు. వెంట వచ్చిన ముసలమ్మ ఒకావిడ, "ఇంక దేనికయ్యగారూ, వాన కోసమే" అంది. ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పలేదు. సాయంత్రపు ఆరాధనలో మత్తయిగారు, మన సంఘంలో ఒక కొత్తకోడలు మూడు రోజులుగా వాన కోసం గింజ ముట్టకుండా ఉన్నదని చెప్పారు. గింజ అన్న మాట ఆయనకు యాదృచ్ఛికంగానే వచ్చింది. వెనక వరుసలో కూర్చున్న రాజకుమారికి చెమటలు పట్టాయి.

సోమవారం పొద్దున్నే పదకొండుమంది ఆడవాళ్లు చాపలు తెచ్చుకుని వరండాలో కూర్చున్నారు. వాళ్లూ తినలేదు. మత్తయిగారు వచ్చి ప్రార్థన చేశాక పాటలు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి వాళ్ల గొంతులు బలహీనపడ్డాయి, కొందరు గోడకు ఆనుకున్నారు. రాజకుమారి మాత్రం అందరికీ మంచినీళ్లు అందిస్తూ చురుకుగా తిరుగుతోంది. నాలుగు రోజుల ఉపవాసం తరువాత ఆ బుగ్గలు నున్నగా మెరుస్తున్నాయి.

"ముఖంలో ఆ వెలుగు చూశారా వదినా" అంది ఒకావిడ.

"మనుషుల వల్ల వచ్చే వెలుగు కాదది" అంది పక్కావిడ. నెయ్యీ మినప్పిండీ వల్ల వచ్చిందని ఆవిడకు తెలియదు.

ఇది వీధిలోకి పాకింది. అవి ఉపవాసమంటే దేశమంతా పత్రికల కోసం ఎదురుచూసే రోజులు. ఖద్దరు కొట్టు అబ్బాయిరాజుగారు ఒకసారి ఆరు నెలలు జైలుకి వెళ్లి వచ్చినవారు. ఊళ్లో ఉద్యమం చల్లబడిందని ఆయనకు బెంగ. లాకుల గుమాస్తా ఇంట్లో, అంటే సర్కారు ఉద్యోగి ఇంట్లో, ఒక యువతి నిరాహారదీక్షకు కూర్చున్నదని వినగానే నూలుదండ పట్టుకుని నలుగురితో వచ్చేశారు.

"మీ కోరిక ఏమిటో చెప్పండమ్మా, మేమున్నాం" అన్నారు.

నాలుగు రోజుల్లో ఆ మాట అంత సూటిగా అడిగినవారు ఆయన ఒక్కరే. రాజకుమారి నిజం చెప్పింది.

"స్కూలండి."

"స్కూళ్ల బహిష్కారమా?"

"కాదండి. స్కూలు కావాలండి."

అబ్బాయిరాజుగారు ఒక క్షణం ఆలోచించారు. "జాతీయ పాఠశాల" అన్నారు వెంట వచ్చినవాళ్లతో గంభీరంగా. వాళ్లు తలలూపారు. అంతా విని కూడా వినకపోవడం ఎలాగో రాజకుమారికి ఆ రోజు బోధపడింది. చెప్పేది మనమైనా, వినేవాళ్లు వెంట తెచ్చుకున్నదే వింటారు. ఆ మాటకొస్తే తన తల్లీ అంతేగా.

మూడు గంటలకు హెడ్డు కానిస్టేబులు నోటుబుక్కుతో వచ్చాడు. ఇంచుమించు అదే సమయానికి అహరోనుగారికి ఆఫీసులో ఓవర్సీరుగారి నుంచి చీటీ అందింది. 'మీ ఇంటియందు జరుగుచున్న ఉపవాసము రాజకీయమా, కాదా? వెంటనే తెలుపవలెను.' ఆయనకు తెలియదు. తన ఇంట్లో ఎందుకు అన్నం మానేశారో నాలుగు రోజులుగా ఆయన ఎవరినీ అడగలేదు. చీటీ వెనక 'విషయము పరిశీలనలో ఉన్నది' అని రాసి పంపి, ఇంటికి బయలుదేరారు. ఆయన వచ్చేసరికి వరండాలో పాటలు, అరుగు మీద ఖద్దరు టోపీలు, గేటు దగ్గర ఎర్ర తలపాగా. ఇరవై రెండేళ్ల ఉద్యోగం ఆయన కళ్ల ముందు కాలవలో కొట్టుకుపోతున్నట్టు అనిపించింది.

హన్నమ్మ అప్పుడు ఇంకో చాప తేవడానికి లోపలికి వెళ్లింది. రెండు రోజుల పస్తుతో కళ్లు తిరుగుతున్నాయి. గోడ పట్టుకుని నడుస్తుంటే చేతి కింద చీమల బారు కనిపించింది. కొన్ని చీమలు తెల్లటి పొడి మోసుకు వస్తున్నాయి. ఆవిడ పరిశుభ్రమైన మనిషి. చీమలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడకుండా ఉండలేదు. బారు వెంట నడిచి కోడలి గది తలుపు తోసింది.

పెట్టె మూత తెరిచి ఉంది. రాజకుమారి నోట్లో సగం సున్నుండ, చేతిలో సగం.

హన్నమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. కోపం వల్లనో, నీరసం వల్లనో ఆవిడకే తెలియలేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

రాజకుమారికి మింగడానికి కొంతసేపు పట్టింది. "వచ్చిన రోజు నుంచండి."

"నేను శనివారం మధ్యాహ్నం నుంచి మంచినీళ్ల మీద ఉన్నాను."

"ఉపవాసమని నేను ఎవరితోనూ అనలేదండి అత్తయ్యగారూ. మీరు అడిగితే తల దించుకున్నాను. తప్పు అదేనండి." అని ఆ పిల్ల చేతిలో సగం సున్నుండతోనే ఏడవడం మొదలుపెట్టింది.

హన్నమ్మ తలుపు వేసి కింద కూర్చుంది. బయట పాట నాలుగో చరణంలో ఉంది. రాజకుమారి వెక్కుతూ అంతా చెప్పింది. ట్రైనింగు సంగతి, మావయ్యగారి మాట, విక్టోరియా టీచరు, కలువపూలు, నల్లగుర్రాలు, ఆరు గింజలు, తల్లి సర్దిన పెట్టె. అంతా అయ్యాక హన్నమ్మ అడిగింది.

"తింటే ఉండిపోవాలని ఆ పిల్లకి ముందు తెలుసా?"

"టీచరుగారు చెప్పలేదండి."

"తెలిసి ఉండదు. ఆకలేసి తినుంటది. దానికి ఇంత కథ కట్టారు." ఆవిడ పెట్టె వైపు చూస్తూ అంది. "నన్ను పద్నాలుగో ఏట దోనెలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. మాది కొల్లేట్లో లంక. మా అమ్మ రేవులో నిలబడింది. కిక్కిస గడ్డి అడ్డం వచ్చేదాకా కనపడింది. ఇక్కడికి రాగానే మా అత్తగారు పళ్లెం పెట్టారు. నాకేమో ఆకలి. మూడుసార్లు పెట్టించుకుని తిన్నాను. ఇరవై తొమ్మిదేళ్లయింది. ఆరు గింజలకి ఆరు నెలలైతే మూడు పళ్లేల అన్నానికి ఎంతవుద్దో మీ టీచరుగారిని అడగాలి."

రాజకుమారికి నవ్వాలో లేదో తెలియలేదు. అత్తగారు నవ్వడం లేదు.

"ఒకటి చెప్పు. తల్లి ఏడ్చింది. రాజు ఎత్తుకుపోయాడు. పైవాళ్లు తీర్పు చెప్పారు. నీకేం కావాలని ఆ పిల్లని ఎవరన్నా అడిగారా?"

రాజకుమారి ఆ కథ చిన్నప్పటి నుంచి విన్నది, తోటి పిల్లలకు చెప్పింది కూడా. ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు.

"కథలో లేదండి."

"కథలో లేకపోతే పోనీ. నిన్ను అడుగుతున్నాను. నీకేం కావాలి?"

"ట్రైనింగు పూర్తి చేస్తానండి. అయ్యాక ఇక్కడికే వస్తాను. ఆయన మంచివారండి. మీరూ మంచివారే." ఆ పిల్ల ముక్కు తుడుచుకుంది. "ఆ రోజు మీ కొర్రమీను పులుసు వాసనకి నేను పడ్డ బాధ దేవుడికే తెలుసండి."

హన్నమ్మ చెయ్యి చాపి కోడలి చేతిలోని సగం సున్నుండ తీసుకుని నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలింది.

"మీ అమ్మ చేతి గింజ తిన్నాను. ఇప్పుడు నేను పెంటపాడు వచ్చి ఉండాలి కాబోలు" అని, పమిట సర్దుకుని లేచింది.

వరండాలో అహరోనుగారు పాస్టరుకీ, అబ్బాయిరాజుకీ, హెడ్డు కానిస్టేబులుకీ మధ్య ఇరుక్కుని ఉన్నారు. వాన కోసమని ఒకరు, జాతీయ పాఠశాల కోసమని ఒకరు చెబుతున్నారు. హెడ్డు రెండూ రాసుకుని, రెండింటి కిందా గీత గీసి, "ఏదో ఒకటి తేల్చండి సార్" అంటున్నాడు. హన్నమ్మ గుమ్మంలోకి వచ్చింది. పెదవి మీద అంటుకున్న పిండిని ఎవరూ గమనించలేదు.

"వాన కోసం కాదండి, స్వరాజ్యం కోసం కాదండి. మా కోడలికి వచ్చే సోమవారం ట్రైనింగు స్కూలు తెరుస్తారు. పంపించడమా మానడమా అన్నది ఈయన తేల్చాలి. ఉన్నది ఆ ఒక్క సంగతేనండి."

పాట ఆగిపోయింది. హెడ్డు పెన్సిలు ఎత్తాడు. "అంటే సర్కారు మీద కాదు గదమ్మా?"

"ఈయన మీదండి."

"అయితే సార్, మీరు ఔననో కాదనో అనేస్తే, కుటుంబ విషయమని రాసుకుని నేను వెళ్లిపోతాను. తేలలేదంటే పైకి రాయాలి."

అహరోనుగారు భార్య వైపు చూశారు. కోడలి వైపు చూశారు. ఓవర్సీరుగారి చీటీ జేబులో బరువుగా ఉంది. "చూ..." అన్నారు. పెన్సిలు కాగితానికి ఆనింది. ఆ మాటలో మిగతా అక్షరాలు బయటికి రాలేదు.

"పంపిస్తాను" అన్నారు.

"అయ్యగారికి వినపడలేదేమోనండి" అంది హన్నమ్మ.

"పంపిస్తానండి" అన్నారు పాస్టరుగారి వైపు తిరిగి, కాస్త గట్టిగా. చెప్పాక ఆయన ముఖం తేలికపడింది. ఇరవై రెండేళ్లలో తను తెరిచిన మొదటి తలుపు అదేనని ఆయనకే అనిపించి ఉంటుంది.

అబ్బాయిరాజుగారు నిరాశపడ్డారు కాని మర్యాదస్తుడు. తెచ్చిన దండ వెనక్కి పట్టుకుపోవడం బాగుండదని, స్త్రీవిద్యకు తోడ్పడినందుకు అహరోనుగారి మెడలోనే వేశారు. సర్కారు గుమాస్తా మెడలో ఖద్దరు నూలు. హెడ్డు కానిస్టేబులు దయగలవాడు. అహరోనుగారు దాన్ని తీసేసేదాకా కాలవ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మరి వాన సంగతి?" అన్నారు మత్తయిగారు దిగులుగా.

"దానికి మీరున్నారు కదండీ" అంది హన్నమ్మ. పదకొండుమంది ఆడవాళ్లూ ఆఖరి చరణం పాడకుండానే చాపలు చుట్టుకుని ఇళ్లకు నడిచారు. అంత నీరసంలో అంత వేగంగా నడవడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రం అందరూ కలిసి తిన్నారు. రాజకుమారి మూడుసార్లు పెట్టించుకుంది. చిట్టిబాబుకి సంగతంతా తెలిసి, మిక్చరు సీసా తీసి అటక మీద పెట్టేశాడు.

శనివారం పొద్దుటి బండిలో చిట్టిబాబు ఆమెను రాజమండ్రి తీసుకువెళ్లాడు. తాడేపల్లిగూడెంలో బండి ఆగిన రెండు నిమిషాలూ రూతమ్మ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. కార్డు రాశారు కనుక పిల్ల చదువుకి వెళుతోందని తెలుసు. ఎలాగో తెలియదు.

"గింజ ముట్టలేదు కదే?"

"ముట్టానమ్మా. బోలెడు ముట్టాను."

"మరి ఎలా పంపించారు?"

"అత్తయ్యగారు నన్ను అడిగారమ్మా, ఏం కావాలని."

బండి కదిలింది. ఇంత చిన్న మాటకి అంత పెట్టె ఎందుకు సర్దానా అని రూతమ్మ ప్లాట్‌ఫారం మీద కొంతసేపు ఆలోచించింది.

ఏలూరులో అదే మధ్యాహ్నం అహరోనుగారు ఆఫీసు నుంచి వచ్చేసరికి హన్నమ్మ ఉతికిన చీర కట్టుకుని, మూట పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

"ఎక్కడికి?"

"మా అమ్మ దగ్గరికండి."

"అయ్యో, ఏమయింది?"

"ఎవరికీ ఏమీ కాలేదండి. ఏదన్నా అయినప్పుడే ఇన్నాళ్లూ వెళ్లాను. ఏమీ కానప్పుడు మా అమ్మ ఎలా ఉంటదో చూసి చాలా ఏళ్లయింది. క్రిస్మసుకి వస్తాను."

"క్రిస్మసుకా? ఆరు నెలలు. ఇంకా ఏమీ అనుకోలేదే మనం."

"మీరు అనుకునేలోపు పడవ వెళ్లిపోద్దండి" అంది హన్నమ్మ మెత్తగా. ఆయన కాదనలేదు. మూట ఆయనే అందుకుని రేవు దాకా మోశారు. పడవ లాకులు దాటేదాకా గట్టు మీద నిలబడ్డారు. దానికి పైవాళ్ల కాగితం అక్కర్లేదని ఆయనకు తెలుసు. పడవలో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. చూసిన ముఖం నలభై మూడేళ్ల మనిషిది కాదనిపించింది ఆయనకు. ఇంటికి నడుస్తూ, పెళ్లయిన ఇన్నేళ్లలో ఈవిడకి ఏం కావాలని తనెప్పుడైనా అడిగానా అని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించారు. ఇల్లు వచ్చేసింది.

మూడో రోజున లంకకు ఒక కార్డు వెళ్లింది. ఇక్కడ అందరూ క్షేమమనీ, చిట్టిబాబు తిరిగి వచ్చాడనీ, మీ అమ్మగారికి వందనాలనీ, తొందరపడి రావలసిన పని ఎంతమాత్రమూ లేదనీ రాసి అహరోనుగారు సంతకం పెట్టారు. సంతకం కింద, మిగిలిన కాస్త జాగాలో, ఉప్పు ఎక్కడ ఉండునో తిరుగు టపాలో తెలుపవలెనని చేర్చారు.